ఆందోళన పక్కన ఏ క్రియ?

‘నేత కార్మికుల్లో ఆందోళన’ అని పత్రికలో ఒక శీర్షిక పడిందనుకుందాం. వాళ్లు బెంగపడుతున్నారా, బైఠాయించారా? శీర్షికలో తేలదు. కింది వాక్యంలో క్రియ వచ్చేదాకా ఆగాల్సిందే. ‘ఆందోళన చెందుతున్నారు’ అని ఉంటే ఇంకా ఇళ్లలోనే ఉన్నారని అర్థం. ‘ఆందోళన చేపట్టారు’ అని ఉంటే రోడ్డెక్కారు. నామవాచకం ఒక్కటే, మనుషులూ వాళ్లే, కారణం కూడా చాలాసార్లు ఒకటే. చెందడం ఎప్పుడు, ఎట్లా, ఎవరివల్ల చేపట్టడమవుతుందన్నది మాత్రం వ్యాకరణం చెప్పదు. ఆ ఒక్క సంగతి తేల్చడానికే సమాజశాస్త్రం నూట పాతికేళ్లకు పైగా తంటాలు పడుతోంది.

సూరత్‌లోని లింబాయత్‌కు పోతే ఈ మాటకు ఇంకో మెలిక పడుతుంది. సూరత్ స్టేషన్ నుంచి ఉధ్నా వైపు పోయే రైలు పట్టాలకు తూర్పున ఉన్న కార్మిక బస్తీల ప్రాంతమది. పట్టాల కిందుగా పోయే దారిని అక్కడ గర్‌నాళా అంటారు. వానాకాలంలో అది నిండినా, మీఠీ ఖాడీ పొంగినా లింబాయత్‌కు రాకపోకలు కష్టం. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల హిందీ, ఉర్దూ కుటుంబాలు, ఒడియా కార్మికులు, వాళ్ల మధ్య తెలుగువాళ్లు. తెలుగువాళ్లలో ఎక్కువమంది వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి తరలి వచ్చిన పద్మశాలీలు. సూరత్ మునిసిపల్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల సరసన తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఎన్ని తరాలుగా ఎంతమంది వచ్చి స్థిరపడ్డారో ఊహించుకోవచ్చు. మరమగ్గాన్ని సూరత్‌లో సాంచా అంటారు, సిరిసిల్లలోనూ సాంచా అనే అంటారు. యజమాని అక్కడా ఇక్కడా సేటే. పని మాటలు రెండు ఊళ్లకూ ఉమ్మడి. తేడా అంతా పని ఆపే మాటల దగ్గర వస్తుంది.

గుజరాతీ, మరాఠీ, హిందీ చెవులకు ‘ఆందోలన్’ అంటే జనం బయటికి వచ్చి చేసేది. ఒక మనిషి మనసులో జరిగేదానికి ఆ మాట వాడరు. తెలుగులో మాత్రం బిడ్డకు జ్వరమొచ్చినా ఆందోళనే, కలెక్టరేటు ముందు కూర్చున్నా ఆందోళనే. నిజానికి లింబాయత్‌లో మొగుడు రాత్రి షిఫ్టుకు పోయిన తెలుగు ఇల్లాలు ఆందోళన అనదు. బుగులు అంటుంది, రంది అంటుంది. ఆందోళన పత్రికలు నేర్పిన మాట. రందికి ఊరేగింపు ఉండదు, బుగులుకు కరపత్రం ఉండదు. ఆ మాటలు ఇంటి గడప దాటవు. ఇంటిదీ వీధిదీ ఒకే పేరున చెలామణీ చేయగలిగింది ఆందోళన ఒక్కటే.

2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధాని రైతుల నిరసన గురించి మాట్లాడుతూ ‘ఆందోలన్‌జీవి’ అన్నారు. ఆందోళనలే వృత్తిగా బతికేవాళ్లని ఎత్తిపొడుపు. మన పత్రికలు దాన్ని ‘ఆందోళన్ జీవులు’ అని యథాతథంగా వేశాయి. తెలుగు చెవితో వింటే బతుకంతా బెంగతోనే గడిపేవాళ్లన్న మాట! ఆ లెక్కన కూలి మీద బతికే ప్రతివాడూ ఆందోళన జీవే.

సంస్కృతంలో ఆందోలనం అంటే ఊగడం. డోల అంటే ఊయల. డోలాయమానం, ఆందోళిక ఈ కుదురులోవే. ఆందోళిక పల్లకి: ఎక్కినవాడికి ఊపు, మోసేవాడికి బరువు. సంగీతంలో స్వరాన్ని ఊపే గమకానికి ఆందోళితమని పేరు. అక్కడ స్వరం తన స్థానం వదిలి వెళ్లదు, ఉన్నచోటే అటూ ఇటూ కదులుతుంది. తెలుగు ఈ మాటలో ‘ల’ను ‘ళ’ చేసుకుని ముందు మనసుకు పెట్టింది, తర్వాత వీధికి. ఇంగ్లీషు ‘ఎజిటేషన్’కు కూడా సరిగ్గా ఇవే రెండు ముఖాలు. లాటిన్‌లో దాని మూలానికి కుదపడమని అర్థం, మనసు కుదుపుకూ జనం కుదుపుకూ ఆ భాష ఒకే మాట వాడింది. స్వాతంత్ర్య పోరాట కాలంలో ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేసిన చేతులే మన ఆందోళనకు రెండో ముఖం తొడిగాయని నా అనుమానం. మరాఠీ, గుజరాతీల్లో ‘చళ్‌వళ్’ అనే మాట కూడా ఉంది. అందులో ఊగిసలాట లేదు, చలనమే ఉంది. ‘సామాజిక ఉద్యమం’ అన్న పదబంధాన్ని పండితలోకంలో నిలబెట్టిన జర్మన్ రచయిత లోరెంజ్ ఫాన్ స్టైన్ 1850లో ఫ్రాన్స్ గురించి రాసినప్పుడు వాడింది కూడా చలనం అన్న అర్థమున్న మాటే.

శాస్త్రం మొదట చెందడం పక్షాన నిలబడింది. 1895లో గుస్తావ్ లె బాన్ జనసమూహాల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో గుంపులో కలిసిన మనిషి బుద్ధి కోల్పోతాడన్నాడు. తెలుగులో అతనికి సరిపోయే మాట ‘మూక’. ఆ మాటలోనే భయం, చులకన రెండూ ఉన్నాయి. అయితే తెలుగువాళ్లు అదే మూకను ఉమ్మడికి జత చేసి ‘మూకుమ్మడి’ అన్నారు. మూకుమ్మడి రాజీనామాలు, మూకుమ్మడి సెలవు: ఇక్కడ బుద్ధి పోయినవాడెవడూ లేడు, మాట్లాడుకుని చేసిన పని. పుస్తకాల్లో ‘సామూహిక చర్య’ అని రాస్తాం గానీ మూకుమ్మడి అంతకంటే సూటైన మాట. 1962లో నీల్ స్మెల్సర్ సమాజ నిర్మాణంలో వచ్చే ఒత్తిడి నుంచి సామూహిక ప్రవర్తన పుడుతుందన్నాడు. 1970లో టెడ్ గర్ ఇంకాస్త ముందుకు పోయాడు. ఆకలి దానికదే తిరుగుబాటు తేదు; తనకు న్యాయంగా రావాలనుకున్నదానికీ, వస్తున్నదానికీ మధ్య వెలితి పెరిగినప్పుడు మనిషి తిరగబడతాడు. ముగ్గురి చూపూ మనసు మీదే. ఊపు పెరిగితే ఊయల తాడు తెగుతుందని వాళ్ల లెక్క.

లింబాయత్‌లో ఈ లెక్క నిలబడదు. సాంచాల మీద పని మీటరుకింత అని కూలికి, షిఫ్టు పన్నెండు గంటలు, చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. మీటరు కూలి సేటు చెప్పినంత. సూరత్‌లో ఆరు లక్షలకు పైగా మరమగ్గాలున్నాయని అంటుంటారు. ఒత్తిడికీ వెలితికీ అక్కడ కొదవ లేదు. తాడు మాత్రం తెగదు. 1960ల నుంచి దక్షిణ గుజరాత్‌లో కూలీల మధ్య తిరిగిన డచ్ పరిశోధకుడు యాన్ బ్రెమాన్ 1996లో వచ్చిన ‘ఫుట్‌లూజ్ లేబర్’లోనూ ఇతర రచనల్లోనూ చూపింది ఇదే: ఉన్నట్టుండి పని ఆగిన సందర్భాలున్నాయి, నిలిచిన యూనియన్లు దాదాపు లేవు. పని దొరికేది బంధువు వల్లో ఊరివాడి వల్లో. పని ఇప్పించినవాడే నడవడికకు పూచీ. ఒక్కో ప్రాంతం వాళ్లు ఒక్కో పనికి పరిమితం. కార్ఖానాలు చిన్నవి, చెల్లాచెదురుగా ఉంటాయి. గొంతెత్తినవాడి చోటుకు మర్నాడు ఇంకొకడు వస్తాడు. దీనికితోడు కొన్ని సాంచాలు కొనుక్కుని సేట్లయిన తెలుగువాళ్లూ ఉన్నారు. కూలి పెంచమని అడగాల్సింది వరసకు మామనో, ఊరి పెద్దమనిషినో అయినప్పుడు నోరు పెగలదు.

మనలో ‘పది మందిలో పాము చావదు’ అనే సామెత ఉంది. చుట్టూ పది మంది కర్రలతో నిలబడ్డా, కొట్టేవాడు ఇంకొకడుంటాడని ప్రతివాడూ చూస్తాడు, పాము కలుగులోకి పోతుంది. 1965లో మాన్కర్ ఓల్సన్ అనే అర్థశాస్త్రవేత్త ‘సామూహిక చర్య తర్కం’ మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నది ఈ సామెతకు లెక్కలు కట్టి చూపినందుకే. కూలి పెరిగితే అందరికీ పెరుగుతుంది, సమ్మెలో కూర్చున్నవాడికీ కూర్చోనివాడికీ. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడూ ముందు కూర్చోడు. గుంపు ఎంత పెద్దదైతే ఈ వేచి చూడడం అంత ఎక్కువ. ఓల్సన్ చేసిన మేలు ఏమిటంటే, కార్మికులెందుకు తిరగబడటం లేదన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎక్కడైనా ఎవరైనా అసలెందుకు తిరగబడుతున్నారన్నది వింతగా చూపించాడు. ఆ వింతను విప్పడానికే తర్వాతివాళ్లు పూనుకున్నారు.

పూనుకున్నారు అన్నాను. సంస్కృతంలో ఆ మాట ఉద్యమం. పైకెత్తడం, పూనిక, ప్రయత్నం. నిద్రపోతున్న సింహం నోట్లోకి జింక తనంతట తాను నడిచి రాదన్న నీతి శ్లోకంలో ఉన్నది ఈ ఉద్యమమే. ఒంటరి మనిషి కష్టపడటం తప్ప అందులో జెండా లేదు, జనం లేరు. తెలుగులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వదేశీ ఉద్యమం, గ్రంథాలయోద్యమం, వ్యావహారిక భాషోద్యమం, ఆంధ్రోద్యమం అని వరసగా వచ్చి ఆ మాటను నలుగురూ కలిసి పూనుకునే పనికి అప్పగించాయి. తెలంగాణలో ఇంకో మెట్టు ఎక్కింది. ‘ఉద్యమంల ఉన్న’ అని ఎవరైనా అంటే ఏ ఉద్యమం అని అడగరు. హిందీ, గుజరాతీలు ఆ మాటను ఇంకో దారిన తీసుకుపోయాయి. అక్కడ ఉద్యమి అంటే వ్యాపారం పెట్టినవాడు. 2020 జూలై 1 నుంచి చిన్న పరిశ్రమలను కేంద్రం నమోదు చేస్తున్న పోర్టల్ పేరే ‘ఉద్యమ్’. లింబాయత్‌లో నాలుగు సాంచాలున్న తెలుగు సేటు ఉద్యమ్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకుంటాడు. వరంగల్‌లో అతని చిన్నాన్న కొడుకు ఉద్యమకారుడిగా గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకుంటాడు. 2023 ఎన్నికల్లో ఉద్యమకారులకు 250 గజాల స్థలమని కాంగ్రెస్ హామీ ఇచ్చింది మరి. రెండు ఉద్యమాలకూ కాగితం కావాలి.

ఇది ఒక్క మాటతో ఆగలేదు. ఉద్యోగం మనకు నౌకరీ, వాళ్లకు పరిశ్రమ. పరిశ్రమ మనకు ఫ్యాక్టరీ, వాళ్లకు ఒళ్లు వంచి చేసే కష్టం. సమాజం మనకు లోకమంతా, సూరత్‌లో ‘సమాజ్’ అంటే ఫలానా కులం వాళ్ల సంఘం. సంఘం అన్న మాట సంగతి మరీ విచిత్రం. 1940ల తెలంగాణలో ఆంధ్ర మహాసభను పల్లెలు ‘సంగం’ అనే పిలిచాయి. సంగపోళ్లు అంటే దొరకు ఎదురు నిలిచినవాళ్లు. అదే తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు లింబాయత్‌లో సంఘమంటే ముందు గుర్తొచ్చేది కుల సంఘమే. పెళ్లి, చావు, పండగ, గుడి దాని పద్దులో ఉంటాయి. కూలి ఉండదు.

తెలుగు మాటా గుజరాతీ మాటా మళ్లీ ఒక్కచోట కలిసింది అనుకోకుండా ఒక అమెరికన్ పత్రికలో. 1977లో జాన్ మెకార్తీ, మేయర్ జాల్డ్ అనే ఇద్దరు రాసిన వ్యాసం బాధలు ఎప్పుడూ ఉంటాయి, వాటితో ఏదీ తేలదంది. డబ్బు, మనుషులు, సమయం, ఉన్న సంస్థలు, వీటిని కూడగట్టగలిగినవాళ్లు ఉంటేనే ఉద్యమం. అంతటితో ఊరుకోకుండా ఒకే ఉద్యమం కోసం పనిచేసే సంస్థలన్నిటినీ కలిపి ‘పరిశ్రమ’ అన్నారు, వాటిని నడిపేవాళ్లను వ్యాపారం పెట్టినవాళ్ల పేరుతోనే పిలిచారు. తెలుగులో పాఠం చెప్పే అధ్యాపకుడు ‘ఉద్యమ పరిశ్రమ’ అనాలి. గుజరాతీలో చెప్పేవాడు ‘ఆందోలన్ ఉద్యోగ్’ అనాలి. ఆ అమెరికన్లు చెప్పదలచుకున్నది మాత్రం గుజరాతీ ఉద్యమే: పెట్టుబడి లేనిదే పూనిక లేదు. వినడానికి చేదుగా ఉన్నా ఇందులో నిజముంది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెనే చూడండి. సింగరేణి, ఆర్టీసీ, ఉపాధ్యాయులు, ఉద్యోగులు. సకల జనులు అని పేరు గానీ వెన్నెముకగా నిలిచింది అప్పటికే సంఘాలు, సభ్యత్వాలు, నెల జీతాలు ఉన్నవాళ్లు. మన అర్థంలో ఉద్యోగం ఉన్నచోట మన అర్థంలో ఉద్యమం నడిచింది. అదే తెలంగాణ నుంచి సూరత్‌కు పోయి మీటరు కూలికి పనిచేసేవాడికి ఆ వెన్నెముక లేదు.

అదే 1977లో ఫ్రాన్సిస్ ఫాక్స్ పివెన్, రిచర్డ్ క్లొవార్డ్ సరిగ్గా ఎదురు మాట అన్నారు. పేదలకున్న ఏకైక బలం రోజువారీ వ్యవహారాన్ని ఆపగలగడమే, సంస్థలు కట్టే హడావిడిలో ఆ బలం చేజారుతుందని. అదే ఏడాది సూరత్‌కు సంబంధించిన పుస్తకమూ ఒకటి వచ్చింది. ఐ.పి. దేశాయ్ స్థాపించిన సూరత్‌లోని సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్‌లో చాలాకాలం పనిచేసిన ఘనశ్యామ్ షా గుజరాత్, బిహార్‌ల నిరసనల మీద రాసినది. 1974 నవనిర్మాణ్ ఆందోలన్ అందులో ఒక సగం. భారతదేశంలో సామాజికోద్యమాల మీద ఆయన 1990లో తెచ్చిన సమీక్షా గ్రంథం ఇప్పటికీ విద్యార్థులకు మొదటి మెట్టు. నిరసన, ఆందోళన, సమ్మె వేరు, ఉద్యమం వేరు అని గిరిగీసేవాళ్లతో ఆయన పేచీ పెట్టుకున్నాడు. సంస్థ, సిద్ధాంతం లేవని ఆందోళనను తీసిపారేయలేమని, చాలా ఉద్యమాలు ఆందోళనలుగానే మొదలవుతాయని ఆయన వాదన. లింబాయత్‌కు కొద్ది దూరంలోనే కూర్చుని రాసిన మాటలివి.

చెందడం చేపట్టడంగా మారే క్షణానికి అందరికంటే దగ్గరగా వెళ్లినవాడు నా లెక్కలో డగ్ మెకాడమ్. 1982లో అమెరికా నల్లజాతి పోరాటం మీద రాస్తూ అవకాశం, సంస్థ రెండూ ఉన్నా చాలవన్నాడు. ఇది అన్యాయం, పైగా మారగలదు అని జనం తమలో తాము ఒప్పుకోవాలి. ఆ పైగా అన్న చోటే ఉంది కిటుకంతా. అన్యాయమని లింబాయత్‌లో ఒప్పుకోనివాడెవడు? మారగలదన్న దగ్గరే నాలుక తడబడుతుంది. అంబేడ్కర్ 1942 జూలైలో నాగపూర్‌లో చెప్పిన మూడు మాటల్లో నడిమిది ‘ఎజిటేట్’. అంతకు ముందు ఇంగ్లండు సోషలిస్టుల నోట నానిన నినాదమది. చదువు, తర్వాత ఎజిటేట్, తర్వాత సంఘటితం కావడం, ఇదీ వరస. తెలుగులో అది ‘బోధించు, సమీకరించు, పోరాడు’ అయింది, మరాఠీలో కూడా సంఘటితం ముందుకొచ్చి సంఘర్షణ చివరికి పోయింది. మాట మారింది, వరస కూడా మారింది. నడిమి మాటలో ఉన్న మనసు కుదుపు రెండు భాషల్లోనూ జారిపోయింది. చిత్రమేమిటంటే తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది, ఆందోళన. చెందడమూ చేపట్టడమూ రెండూ ఇముడ్చుకున్న మాట. అనువాదకులు పోరాటాన్ని ఎంచుకున్నారు. గోడ మీద రాయడానికి అది బాగుంటుంది, కాదనను. కానీ ముందు సమీకరించు, ఆపై పోరాడు అన్న వరస మెకార్తీ, జాల్డ్‌ల వరస. అంబేడ్కర్ చెప్పిన వరసలో కుదుపు ముందు, కూడిక తర్వాత.

పత్రికల తెలుగులో ఇంకో నుడికారం ఉంది: బాట పట్టడం. ‘ఆందోళన బాట పట్టారు’ అని రాస్తాం, ‘వలస బాట పట్టారు’ అని రాస్తాం. ఒకరు నిలబడి అడిగేవాళ్లు, ఇంకొకరు అడగకుండా వెళ్లిపోయేవాళ్లు. బాట మాత్రం ఒక్కటే అంటుంది తెలుగు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఈ రెంటినీ విడదీసి పేరు గడించాడు. బాగోలేనప్పుడు మనిషికి ఉన్న దారులు రెండు, వెళ్లిపోవడం, గొంతెత్తడం. వెళ్లిపోవడం సులువైన చోట గొంతు బలహీనపడుతుందన్నాడు. 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడ్డాక, చేమగ్గాలు ఒక్కొక్కటీ ఆగిపోయాక, సూరత్, భివండి, షోలాపూర్‌లకు బాట పట్టినవాళ్లను చూస్తే హిర్ష్‌మన్ నిజమే చెప్పాడనిపిస్తుంది.

సూరత్ చరిత్ర మాత్రం అతన్ని అంత తేలిగ్గా ఒప్పుకోనివ్వదు. 1669లో ఆ ఊరి కాజీ మతపరమైన వేధింపులు భరించలేక భీమ్‌జీ పారేఖ్ నాయకత్వంలో ఎనిమిది వేల మంది వణిక కుటుంబ పెద్దలు దుకాణాలు మూసి భరూచ్‌కు వెళ్లిపోయారు. ఓడరేవు స్తంభించింది. కొన్ని నెలల తర్వాత హామీలు పుచ్చుకుని గానీ తిరిగి రాలేదు. వెళ్లిపోవడమే వాళ్ల గొంతు. మన గోదావరి తీరంలో కూడా 1798లో ఈస్టిండియా కంపెనీ మీద నేతగాళ్లు గుమిగూడి అర్జీలు పెట్టిన సంగతి పి. స్వర్ణలత పరిశోధనల్లో వివరంగా ఉంది. మగ్గం వదిలి ఊరు మారతామన్న బెదిరింపు ఆ కాలపు నేతగాడి చేతిలో ఎప్పుడూ ఉన్న ఆయుధం. చార్ల్స్ టిల్లీ దీన్ని జనానికి అలవాటైన నిరసన రూపాల మూటగా చూశాడు. ప్రతి ఊరికీ, ప్రతి కాలానికీ చేతికందే రూపాలు కొన్నే ఉంటాయి, జనం వాటిలోంచే తీసుకుంటారు.

సూరత్ మూటలో మొదటిది దుకాణం తాళం. హర్తాళ్ గుజరాతీ ‘హడ్‌తాళ్’ నుంచి వచ్చింది. హట్ట అంటే అంగడి, తాళ్ అంటే తాళం. 1919 ఏప్రిల్ 6న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీ పిలుపు ఇచ్చాక ఆ మాట దేశమంతా, మన ‘హర్తాళ్’ దాకా పాకింది. 1928లో సూరత్ జిల్లా బార్డోలీలో పెంచిన శిస్తు కట్టబోమని రైతులు నిలిచినా, 1930లో అప్పటి సూరత్ జిల్లాలోనే ఉన్న దండిలో ఉప్పు తీసినా, అక్కడ నిరాకరించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంది: భూమి, శిస్తు, అంగడి. సాంచా కార్మికుడికి తాళం వేయడానికి అంగడి లేదు.

2017 జూలై చూడండి. జీఎస్టీకి వ్యతిరేకంగా సూరత్ బట్టల వ్యాపారులు సంఘర్ష్ సమితి పెట్టుకుని రెండు వారాలకు పైగా మార్కెట్లు మూసేశారు. జూలై 8న ఊరేగింపుకు రోడ్లు పట్టలేదు. ఓల్సన్ పాము అక్కడ చచ్చింది, ఎందుకంటే మార్కెట్లలో సంఘాలున్నాయి, నిల్వ ఉన్న డబ్బుంది, మూసిన అంగడి ఎవరిదో తెరిచిన అంగడి ఎవరిదో అందరికీ కనబడుతుంది. మార్కెట్లు మూతపడితే సాంచాలకు ఆర్డర్లు లేవు. సాంచా ఆగితే మీటరు లేదు, మీటరు లేకపోతే కూలి లేదు. ఆ జూలైలో సేట్లు ఆందోలన్ చేశారు, కార్మికులు ఆందోళన చెందారు. ‘ల’కూ ‘ళ’కూ మధ్య ఒక వర్గం తేడా ఉందని ఆ రెండు వారాలు చూపినంత సూటిగా ఏ సిద్ధాంతమూ చూపలేదు.

కార్మికుల వంతు 2020లో వచ్చింది. లాక్‌డౌన్ పెట్టిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 10 రాత్రి లస్కాణాలో కార్మికులు రోడ్డెక్కారు, బళ్లు తగలబడ్డాయి. ఆ తర్వాత వరాఛాలో, మే మొదట్లో వరేలీలో. వాళ్లలో ఎక్కువమంది ఒడియా, ఉత్తరాది కూలీలు. సంఘం లేదు, నాయకుడు లేడు, పెట్టుబడి లేదు, మెకార్తీ, జాల్డ్‌ల లెక్కలో ఇది జరగకూడదు. అడిగింది రావాల్సిన కూలి ఇవ్వమని, ఇంటికి పోనివ్వమని. హిర్ష్‌మన్ వేరుచేసిన రెండు దారులు ఇక్కడ ఒకటైపోయాయి: వెళ్లిపోయే హక్కు కోసం గొంతెత్తారు. 1994 సెప్టెంబరు ప్లేగులో అదే ఊరి నుంచి లక్షల మంది రోజుల వ్యవధిలో వెళ్లిపోయారు, అప్పుడు ఎవరూ అడ్డు రాలేదు కాబట్టి అది వార్తల్లో వలసే అయింది. 2020లో దారి మూసినందుకు అదే వెళ్లిపోవడం ఆందోళన అయింది. తెలుగు పత్రికలు ఆ రోజుల్లో ‘బాట పట్టారు’ అని రాసింది ఏ అర్థంలోనో విడదీసి చెప్పడం కష్టం.

తెలంగాణ ప్రభుత్వం 2017 అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేస్తూ సూరత్, భివండి, షోలాపూర్ పోయిన నేతన్నలను వెనక్కు రప్పిస్తామంది. రాష్ట్రం తెచ్చిన ఉద్యమం, దాని వెనకే పరిశ్రమ, అందులో ఉద్యోగం. మూడు మాటలూ తెలుగు అర్థంలోనే పలికారు. వెనక్కు వచ్చే సేటు పెట్టుబడితో వస్తాడు, కార్మికుడు మళ్లీ మీటరుకే వస్తాడు.

లింబాయత్‌లో ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లకు ఈ క్రియలేవీ అతకవు. చీర అంచుకు లేసు కుట్టడం, ధాగాలు కత్తిరించడం, టీకీలు అంటించడం వంటి పని మూటలుగా ఇంటికి వస్తుంది, నగానికింత లెక్క. సేటు ఎవరో తెలియదు, తెలిసేది మూట తెచ్చే మనిషి. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ను యూనియన్‌గా నమోదు చేయబోతే అధికారులు అడ్డుకున్నారు: యజమాని అంటూ లేనప్పుడు యూనియన్ ఎవరి మీద? సంఘం కట్టేది ఒకరి మీదికే కానక్కర్లేదు, సభ్యుల కోసం కూడా అని ఆమె వాదించి గెలిచింది. టిల్లీ తన నిర్వచనంలో ఉద్యమానికి గుండెకాయగా పెట్టింది బెంగనూ కాదు, ఊరేగింపునూ కాదు. ఒకరు ఇంకొకరిని ఫలానాది కావాలని అడగడాన్ని పెట్టాడు. లింబాయత్ తెలుగింట్లో దానికి పెద్ద మాట అక్కర్లేదు, ‘రేటు అడిగినం’ అంటే సరిపోతుంది. ఆందోళన అనరు, ఉద్యమం అసలే అనరు. రేటు పెంచేదాకా మూట దించుకోనని ఒకామె అంటే, అది ఎదురింట్లో దిగుతుంది. ఎదురింటామె కూడా వద్దంటుందా లేదా అన్నది మూట మోసుకొచ్చిన మనిషి మెట్లు దిగేలోపు తేలాలి.